కాలు కింద పెట్టని మొక్కు

జానయ్య దగ్గరికి సైకిలు తీసుకెళితే ఆయన ముందుగా సైకిలు చూడడు. మన మోకాళ్ళు చూస్తాడు. చంపాపేట మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఆయన షాపు. సందు పొడవునా కాస్త ఎత్తు. "ఒక్కసారి గా చివరిదాంక తొక్కి రా సారూ" అని మనల్ని పంపి, తను రోడ్డు మీద గొంతుక్కూచుని, మన రెండు మోకాళ్ళనీ వెనకనుంచి రెప్ప వేయకుండా చూస్తాడు. మనం తిరిగొచ్చాకే సైకిలు మీద చెయ్యి వేస్తాడు.

మొదటిసారి నాకూ అదే మర్యాద జరిగింది. నా పేరు శ్రీరామమూర్తి. మాది తెనాలి. ముప్పై నాలుగేళ్ళు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వేలమంది పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెట్టి గడగడలాడించిన వాణ్ణి. నన్ను పట్టుకుని సందులో పరీక్ష పెడతాడా అని ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఇందిరాదేవి అందరికీ చెబుతూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కోపానికి వెనక ఒక అవమానం కూడా ఉంది. షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే, నడక ముసలివాళ్ళ పని అని నేను రోడ్డు బైకు కొన్నాను. సన్నటి టైర్లు, వంగిన హ్యాండిలు, చిటికెన వేలితో ఎత్తగలిగేంత బరువు. అమ్మినవాడు "ఇవి అచ్చం రేసు గేర్లు సార్" అంటే పొంగిపోయాను. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఆదివారం పొద్దున్నే పోగయ్యే సైకిలు జట్టుతో కలిసి విజయవాడ రోడ్డు మీద ఎర్రగుట్టకు బయలుదేరాను. గుట్ట మీద నరసింహస్వామి గుడి. నడిచేవాళ్ళకు మెట్లు, బండ్లకు నాలుగు మలుపుల రోడ్డు. రెండో మలుపులో నా కాళ్ళు ఇక కదలమన్నాయి. దిగి తోసుకుంటూ వెళుతుంటే జట్టులోని మృదుల అనే అమ్మాయి హాయిగా తొక్కుకుంటూ పక్కకి వచ్చి "అంకుల్, నీళ్ళు కావాలా?" అంది. ఆ "అంకుల్" రెండు రోజులు నా చెవుల్లో మోగింది.

జానయ్య నన్ను తొక్కించి, నా మోకాళ్ళు చూసి, అప్పుడు వెనక చక్రం చేత్తో తిప్పాడు.

"ముందర చైను చక్రానికి యాభై రెండు పళ్ళు. వెనక అన్నిటికన్న పెద్దదానికి ఇరవై అయిదే. ఇది పందెం కొట్టే పిల్లగాండ్లది సారూ. నీకెవరు అంటగట్టిండ్రు?"

"నాకు బలం లేదంటావా?"

"బలం ముచ్చట గాదు. ఎత్తు మీద నీ మోకాలు లోపలికి వంగుతున్నది. తొక్కుతలేవు నువ్వు, నూకుతున్నవు. ముందరది చిన్నది చెయ్యాలె, వెనకది పెద్దది చెయ్యాలె. అప్పుడు కాలు ఎక్కువసార్లు తిరుగుతది, ఒక్కోసారికి బరువు తక్కువ పడతది."

అది నాకు తెలియదా? తులాదండం, బలం, దూరం అంటూ ఎన్ని వేలసార్లు బోర్డు మీద గీశానో. అయినా నా కాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఆ పాఠమంతా గాలికి పోయింది. "తేలిక గేరుతో ఎక్కితే ఎక్కినట్టెలా అవుతుందయ్యా?" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జానయ్య నవ్వలేదు. "గేరు మారిస్తే గుట్ట పొట్టిగ అయితదా సారూ? గుట్ట గంతే ఉంటది" అన్నాడు.

నోరు మూసుకుని సైకిలు అక్కడ వదిలేసి వచ్చాను. మూడు రోజుల తర్వాత వెళితే పెడల్ దగ్గర యాభై, ముప్పై నాలుగు పళ్ళ చైను చక్రాలు రెండు వేశాడు. వెనక పెద్దదానికి ముప్పై నాలుగు. అంత పెద్దదాని మీదికి చైను ఎక్కాలంటే వెనక గేరు మార్చే చెయ్యి కూడా పొడుగుది కావాలని, అదీ మార్చాడు. ఆ ఆదివారం నేను ఎర్రగుట్ట దిగకుండా ఎక్కాను. నెమ్మదిగానే ఎక్కాను, అందరికంటే చివరే ఎక్కాను. అయినా గుడి ముందు నిలబడి కిందికి చూస్తుంటే, మా సెంటరులో మొదటి ర్యాంకు వచ్చిన ఏడాది కూడా అంత సంతోషం కలగలేదనిపించింది. తిన్నగా జానయ్య దగ్గరికొచ్చి చెప్పాను. ఆయన నా మోకాళ్ళ వైపు చూసి, చాయ్ తెప్పించాడు.

అప్పట్నించి ఆ షాపు ముందు స్టూలు నాది. ఏ పనీ లేని రిటైరైన మాస్టారికి అంతకంటే ఏం కావాలి?

జానయ్యది దేవరకొండ వైపు పల్లె. పదిహేడేళ్ళప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీగా చేరాడు. బత్తాయి గంపలు మోసీ మోసీ, మార్కెట్ గేటు ముందు సైకిళ్ళు బాగుచేసే ఒక ముసలాయన పక్కన చేరి ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత సొంత షాపు పెట్టాడు. మార్కెట్ ఊరిబయటికి పోయిన ఏడాది, పాత గిరాకీలు, అంటే హమాలీలూ కూలీలూ, వాళ్ళ సైకిళ్ళతో సహా పోయారు. షాపు మూసేద్దామా అనుకుంటున్న సమయంలో ఒక కుర్రాడు గేర్ల సైకిలు తెచ్చి బాగుచేయమన్నాడట. జానయ్య దాన్ని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఐదుసార్లు అలా చేసి, ఆరోసారి బిగించి ఇచ్చాడు. ఇప్పుడు సైదాబాద్ నుంచి హయత్‌నగర్ దాకా గేర్ల సైకిలున్న ప్రతివాడూ ఆయన దగ్గరికే వస్తాడు.

ఆయనకొక అలవాటుంది. యాభై దాటినవాళ్ళకు ఏ గేరు చాలునో, దానికంటే ఒక మెట్టు తేలికది వేస్తాడు. వేసినట్టు చెప్పడు. "చెప్తే రోషమొస్తది. చెప్పకుంటే గుట్ట ఎక్కొచ్చి దండం పెడతరు" అంటాడు. నాకూ అలాగే వేశాడని ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి దండం పెట్టడం కూడా అయిపోయింది.

పోయిన కార్తీకంలో ఒకరోజు మాటల్లో అడిగాను. "అందర్నీ గుట్టెక్కిస్తావు కదా, నువ్వెప్పుడైనా ఎక్కావా?"

జానయ్య తల వంచుకుని చైనుకు నూనె వేస్తున్నాడు. అన్నం గిన్నె తెచ్చిన ఆయన భార్య అండాలమ్మ జవాబు చెప్పింది. వాళ్ళిల్లు షాపు మీదనే.

"ఎక్కుడు ఏంది సారూ, ఇరవై రెండేండ్ల సంది ఎక్కుతున్నడు. మా సంతోషి ఎనిమిది నెలల పిల్ల అప్పుడు పదకొండు దినాలు జరమొచ్చి దవాఖానల పడ్డది. బతుకదన్నరు. పిల్ల బతికితే ఏటేట మాఘ పున్నమి జాతరకు కాలు కింద పెట్టకుంట సైకిల్ మీద నీ గుట్ట ఎక్కుత అని ఎర్రగుట్ట నరసింహస్వామికి మొక్కిండు. నేను మెట్లెక్కి పోత. ఈయన రోడ్డు మీంచి వస్తడు."

లేక లేక పుట్టిన ఆ సంతోషికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. కొత్తపేటలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. గట్టి మనిషి. మాట అంతకంటే గట్టి.

అండాలమ్మ పైకి వెళ్ళాక జానయ్య నూనె డబ్బా కింద పెట్టాడు.

"పోయినేడు పెట్టిన సారూ."

"ఏం పెట్టావు?"

"కాలు. మూడో మలుపుల. సైకిల్ ఆగిపోయింది. పడిపోత అనుకుని కాలు పెట్టిన. ఎవ్వరు చూడలే. తోసుకుంట పోయి మళ్ళ ఎక్కి, గుడి ముందట తొక్కుకుంటనే దిగిన. మా ఆమెను గూడ మోసం చేసిన."

ఆ తర్వాత వానాకాలంలో సంతోషి స్కూటీ మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. జానయ్య మనసులో ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. తను కాలు పెట్టాడు, బిడ్డ చెయ్యి విరిగింది. ఈ ఏడు మళ్ళీ కాలు పెడితే ఏమవుతుందో అని ఆయన నిజంగా భయపడుతున్నాడు. ఆ భయం కళ్ళలో కనిపిస్తుంటే నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

ఆయన ఎక్కేది పాత నల్ల సైకిలు. గేర్లు లేవు. ముందు నలభై నాలుగు, వెనక పద్దెనిమిది. నాలాంటి వాడికి సందులో కూడా బరువే. "నీ చేతిలో పని. ఒక గేర్ల సైకిలు కట్టుకో, దిగకుండా ఎక్కేస్తావు" అన్నాను.

"గది దొంగతనం అయితది."

చూడండి న్యాయం! ఊరందరికీ తేలిక గేర్లు, అడక్కుండా కూడా వేసే మనిషి, తన దగ్గరకొచ్చేసరికి దొంగతనమట. నేను అట్ట ముక్క తీసుకుని గుట్ట గీశాను, బరువు రాశాను, ఎత్తు రాశాను. ఏ గేరుతో ఎక్కినా గుట్ట ఎక్కడానికి చేసే పని అంతే, దాన్ని ఎన్ని తొక్కుళ్ళకు పంచుకుంటావన్నదే తేడా అని నిరూపించాను. "గుట్ట పొట్టిది కాదని నాకు చెప్పింది నువ్వే కదయ్యా!" అని చివర్లో గొంతు కూడా పెంచాను.

జానయ్య అట్ట వైపు మర్యాదగా చూశాడు. "నీ లెక్కలు మనుషులకు సారూ. నువ్వు గుట్టకు మాట ఇయ్యలే. నేనిచ్చిన. గప్పుడు నాకు గేర్లే తెల్వయి. ఉన్న సైకిల్ మీద, ఉన్న కష్టంతోని ఎక్కుత అని మొక్కిన. కష్టం తగ్గించుకుని ఎక్కుత అని మొక్కలే."

కోపంతో ఇంటికొచ్చేశాను. జరిగింది చెబితే ఇందిరాదేవి పప్పు తాలింపు వేస్తూనే "మీరు రిటైరయ్యారన్న సంగతి ఆయనకైనా చెప్పండి, పాపం" అంది.

మార్గశిరం వచ్చింది. జానయ్య రోజూ పొద్దున్నే నల్ల సైకిలు మీద సందు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాడు. పది సార్లు, ఇరవై సార్లు. పుష్యం వచ్చేసరికి కుడి మోకాలు వాచింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి షాపు ముందు పంచాయితీ నడుస్తోంది. సంతోషి ఉద్యోగానికి బయలుదేరబోతూ తండ్రి మోకాలు చూసింది. పోయినేడు కాలు పెట్టిన సంగతీ, తన చెయ్యి విరిగింది అందుకేనన్న ఆయన భయమూ అప్పుడే ఆయన నోటినుంచి రాబట్టింది.

"నాయినా, గది గుంత! దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందట గుంతల పడ్డ నేను. ఇద్దరు ఆటోలోళ్ళు గూడ గందులనే పడ్డరు. వాళ్ళ నాయినలు గూడ ఏ గుట్ట మీదనో కాలు పెట్టిండ్రా?"

జానయ్య వాచిన మోకాలి మీదికి లుంగీ లాక్కున్నాడు.

"ఈ ఏడు పోకు. నా కోసమే కదా మొక్కు? నేనే వద్దంటున్న."

"నువ్వు వద్దంటె తీరే మొక్కు గాదు బిడ్డా."

అప్పటిదాకా మెట్ల మీద కూచుని వింటున్న అండాలమ్మ లేచింది. ఆమె అరవగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ అరవలేదు.

"నేనొకటి అడుగుత చెప్పు. పోయినేడు నేను గుట్ట మెట్లు ఎట్ల ఎక్కిన్నో ఎరుకేనా నీకు?"

"ఎట్ల ఎక్కినవ్? ఏటేట ఎక్కినట్టే."

"ఒక్కో మెట్టుకు రెండు కాళ్ళు పెట్టి ఎక్కిన. ఒక కాలు పెట్టి, రెండో కాలు పక్కకు తెచ్చుకుని, మళ్ళ ఇంకో మెట్టు. మోకాళ్ళు ఇరుగుతున్నయ్ నాకు. మూడేండ్ల సంది గట్లనే ఎక్కుతున్న. నువ్వు రోడ్డు దిక్కు పోతవ్, నేను మెట్ల దిక్కు పోత, నీకేం తెలుసు? నేను చేసింది దొంగ మొక్కా? దేవుడు నాయి సగం మెట్లే లెక్కవెట్టుకున్నడా?"

అండాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని "కూర మాడుతది" అని వెనక్కి తిరిగింది. పైకి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఒక మెట్టు, రెండు కాళ్ళు. ఒక మెట్టు, రెండు కాళ్ళు.

జానయ్య లేచి మెట్ల దగ్గరికొచ్చాడు. గొంతుక్కూచున్నాడు. గిరాకీల మోకాళ్ళు చూసేటట్టే ఆమె మోకాళ్ళు చూశాడు. ఊళ్ళో అందరి మోకాళ్ళూ చూసే మనిషి, తన ఇంటి మెట్ల మీద రోజుకు పదిసార్లు ఎక్కిదిగే మోకాళ్ళను మూడేళ్ళుగా చూడలేదు. ఆమె తలుపు వేసుకున్నాక కూడా చాలాసేపు అక్కడే కూచుండిపోయాడు. నేనూ మా ఇంట్లో ఎవరి మోకాళ్ళు చూశాను కనక?

మర్నాడు షాపు గోడకు వేలాడుతున్న పాత ఇనుప రోడ్డు బైకు ఫ్రేము కిందికి దిగింది. నాలుగు రోజులు స్టూలు మీద కూచుని చూశాను. వెనక చక్రానికి నాకు వేసినట్టే ముప్పై నాలుగు పళ్ళది ఎక్కింది. ముందుకు వచ్చేసరికి ముప్పై నాలుగుది పెట్టి, తీసేశాడు. ముప్పైది పెట్టి, తీసేశాడు. చివరికి కొండల్లో తిరిగే లావు టైర్ల సైకిళ్ళకు వేసే ఇరవై నాలుగు పళ్ళ చిన్న చక్రం వెతికి బిగించాడు.

"మరీ ఇంత చిన్నదా? పెడల్ ఒకసారి తిప్పితే చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. నీకింత తేలికది అక్కర్లేదు జానయ్యా. నీ కాళ్ళకు ముప్పై చాలు" అన్నాను. ఈ లెక్కలో నేను పొరపాటు పడలేదని ఇప్పటికీ చెబుతాను.

"అక్కర ఉన్నది సారూ" అన్నాడు. తర్వాత ఆ సైకిలు మీద సందులో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. పైకి వేగంగా ఎక్కడం కాదు, ఎంత నెమ్మదిగా ఎక్కొచ్చో చూడటం. పక్కింటి మేక కూడా ఆయన్ని దాటి వెళ్ళిపోయేది. బ్రేకు పట్టుకుని, అరచేతి వెడల్పున ముందుకు కదిలి, పడబోయి, సర్దుకుని, మళ్ళీ కదిలేవాడు. ఇదేం సాధనో నాకు అంతుబట్టలేదు. మొక్కేమో కాలు కింద పెట్టకుండా ఎక్కడం. నెమ్మదిగా పోయేకొద్దీ పడే అవకాశం ఎక్కువ. ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలిసిన విషయమది. చెబితే వింటేగా.

మాఘ పున్నమి పొద్దున నేనూ నా సైకిలు మీద ఎర్రగుట్ట కిందికి చేరాను. జాతర రోజు మోటారు బండ్లను కిందే ఆపేస్తారు. రోడ్డంతా నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేస్తారు. సంతోషి తల్లిని ఆటోలో తెచ్చి దింపింది. అండాలమ్మ కొబ్బరికాయ సంచి పట్టుకుని అలవాటుగా మెట్ల వైపు తిరిగింది.

"గటు గాదు" అన్నాడు జానయ్య. "రోడ్డు మీంచి రా. గీడ మెట్లు లేవు. మోకాళ్ళకు మంచిగుంటది."

"రోడ్డు మీంచి అయితే దూరం."

"నేనుంట గదా పక్కన."

సైకిలెక్కాడు. అండాలమ్మ నడిచింది. ఆమె అడుగు ఎంతో, ఆయన చక్రం అంత. ఇరవై నాలుగు పళ్ళు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన గేరు ఎంచుకున్నది తన కాళ్ళను చూసి కాదు, ఆమె కాళ్ళను చూసి. నేను కూడా వెనకే తొక్కబోయాను. నా ముప్పై నాలుగుతో అంత నెమ్మదిగా పోవడం నా తరం కాలేదు. ఇరవై గజాల్లో తూలి, దిగి, తోసుకుంటూ నడిచాను. ఈసారి అవమానం అనిపించలేదు.

ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళుతున్నారు. ఇరవై రెండు జాతరలకు కలిసి వచ్చి, ఒక్కసారి కూడా కలిసి ఎక్కని మనుషులు. నల్ల సైకిలు మీద ఆయన పళ్ళు బిగించి తల వంచుకుని ఎక్కేవాడు, నెమ్మదిస్తే పడిపోయేవాడు. గుట్ట మీదనుంచి చెరువు కనిపిస్తుందని కూడా తనకు తెలియదట. "గదేంది, ఎప్పటి సంది ఉన్నది?" అని అడుగుతున్నాడు. "ఎప్పటి సందో ఉన్నది, మెట్ల మీంచి గూడ కనవడ్తది" అని ఆమె నవ్వుతోంది.

మూడో మలుపు వచ్చింది. పోయినేడు కాలు పెట్టిన చోటు. అక్కడే అండాలమ్మకు ఆయాసం వచ్చి ఆగిపోయింది. రోడ్డు పక్క రాతి మీద కూచుంది. ఆమె ఆగితే ఆయన ఆగాలి. ఆగితే కాలు పెట్టాలి. వెనక వస్తున్న సంతోషి నా చెయ్యి పట్టుకుంది. గుంత, దేవుడు కాదు అన్న ఆ పిల్లే.

జానయ్య ఆగలేదు. మలుపు దగ్గర రోడ్డు వెడల్పుగా ఉంది. హ్యాండిలు తిప్పి వాలులో కొంచెం కిందికి పోయి, మళ్ళీ తిరిగి పైకి వచ్చి, ఆమె కూచున్న రాతి ముందు చుట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. పైకి తిరిగిన ప్రతిసారీ సైకిలు తూలేది, ఆయన సర్దుకునేవాడు. వచ్చేపోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. సందులో మేక వెనక పడి చేసిన సాధనంతా ఎందుకో తెలిసింది.

అండాలమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా ముందట తిరుగుతవేంది? పోయి గుడి చుట్టు తిరుగు!"

"నువ్వు జర ఊపిరి తీస్కో. నాకేం తొందర లేదు."

ఎన్ని చుట్లో నేను లెక్కపెట్టలేదు. లెక్కల మనిషిని అయ్యుండి కూడా పెట్టలేదు. ఆమె లేచింది. మళ్ళీ అడుగూ చక్రమూ కలిసి కదిలాయి. నాలుగో మలుపు దాటి, గుడి కమాను కనిపించింది. జానయ్య చొక్కా తడిసి ముద్దయింది. కమాను లోపలికి వచ్చాక, చదునైన నేల మీద కూడా ఆయన దిగలేదు. ఇంకో చుట్టు తిరుగుతూ ఆమె వైపు చూస్తున్నాడు.

అండాలమ్మ కమాను దాటింది. చెప్పులు విడిచి, పక్కకు జరిపి, సంచి చంకలో సర్దుకుని వెనక్కి తిరిగింది.

"ఇగ దిగు" అంది.

జానయ్య కాలు కింద పెట్టాడు.